పాతకాలపు కాక్‌టెయిళ్ళు, తీరిక సాయంత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళుగా నెలకొకసారి మా ఇంట్లో నలుగురైదుగురు స్నేహితులం చేరి, పాత పద్ధతిలో ఒక పానీయం కలుపుకొని, గ్రామఫోను పెట్టుకొని, పేకముక్కలు పంచుకొని సాయంత్రం గడుపుతున్నాం. అక్కడ పదేపదే వచ్చిన ప్రశ్నలకు నేను చదివీ, చేసి చూసీ తెలుసుకున్న జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవి మద్యం తాగే వయసు వచ్చినవారి కోసం రాసినవి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ వయసు 21 ఏళ్ళు.

కాక్‌టెయిల్ అంటే ఏమిటి? ఏ రెండు మద్యాలు కలిపినా కాక్‌టెయిల్ అవుతుందా?

ఇప్పుడు ఏ మిశ్రమాన్నైనా ఆ పేరుతోనే పిలుస్తున్నాం గాని, మొదట్లో ఆ మాటకు చాలా ఇరుకైన అర్థం ఉండేది. 1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో వెలువడే ఒక పత్రిక, పాఠకుడొకరు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూ, ఏదో ఒక స్పిరిట్ (విస్కీ, రమ్ము వంటి బట్టీ పెట్టిన మద్యం), పంచదార, నీళ్ళు, బిట్టర్స్ కలిసిన పానీయమే కాక్‌టెయిల్ అని రాసింది. బిట్టర్స్ అంటే వేళ్ళు, బెరళ్ళు, తొక్కలు, సుగంధ ద్రవ్యాలు స్పిరిట్‌లో నానబెట్టి తీసిన చేదు సారం. పప్పుచారులో ఇంగువ వేసినట్టు రెండు మూడు చుక్కలే వేస్తాం, కాని వెయ్యని రోజు లోటు వెంటనే తెలుస్తుంది. అన్నిటికన్నా పేరున్న అంగోస్టురా బిట్టర్స్‌ను 1824లో వెనెజులాలోని అంగోస్టురా పట్టణంలో, దక్షిణ అమెరికా స్వాతంత్ర్య యోధుడు సిమోన్ బొలివార్ సైన్యంలో పనిచేసిన యోహాన్ సీగెర్ట్ అనే జర్మన్ వైద్యుడు కడుపునొప్పులకు మందుగా తయారుచేశాడు. ఇప్పుడది ట్రినిడాడ్‌లో తయారవుతోంది.

1806 నాటి నిర్వచనానికి నేటికీ కట్టుబడి ఉన్న పానీయం ఓల్డ్ ఫ్యాషన్డ్. పందొమ్మిదో శతాబ్దం చివరికి బార్లలో కాక్‌టెయిల్‌కు రకరకాల లిక్యూర్లు (తీపి, సుగంధం చేర్చిన మద్యాలు) చేర్చడం ఎక్కువైనప్పుడు, అవేవీ వద్దు, పాత పద్ధతిలోనే ఇవ్వమని అడిగినవారి మాటే దానికి పేరైంది. 60 మి.లీ. బర్బన్ (ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) లేదా రై అనే ధాన్యంతో చేసే విస్కీ, ఒక చెంచా పంచదార నీళ్ళు, రెండు చుక్కల బిట్టర్స్, ఒక పెద్ద ఐసు గడ్డ, పైన పిండిన నారింజ తొక్క ఉంటే చాలు. కాక్‌టెయిళ్ళు నేర్చుకోవడం దీనితో మొదలుపెట్టమని నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే దీనిలో తప్పు చేస్తే దాచడానికి మరో రుచి ఉండదు.

కాక్‌టెయిల్ కన్నా ముందే పంచ్ ఉండేదని, దానికి తెలుగు తీరంతో సంబంధం ఉందని విన్నాం. నిజమేనా?

నిజమే. ఈ విషయంలో నాకు తెలుగువాడిగా ఒక మమకారం ఉంది కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను. ఈస్టిండియా కంపెనీ వర్తకులు 1611లో మచిలీపట్నంలోనూ, దానికి దక్షిణంగా వారు పెటపోలి అని రాసుకున్న నిజాంపట్నంలోనూ దిగారు. ఆ తరవాత 1626 ప్రాంతంలో నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో ఇంకొక స్థావరం పెట్టుకున్నారు. మద్రాసు కోట అప్పటికింకా పుట్టలేదు. ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చుకున్న బీరు, ద్రాక్షసారా మన ఎండలకు పులిసి పాడైపోయేవి. ఇక్కడ దొరికేవి కల్లునుంచో బెల్లంనుంచో బట్టీ పెట్టిన సారా, నిమ్మకాయలు, పంచదార, జాజికాయ వంటి సుగంధ ద్రవ్యాలు. వీటినే నీళ్ళతో కలిపి పెద్ద పాత్రలో పోసుకొని అందరూ చుట్టూ కూర్చొని తాగేవారు. అదే పంచ్.

పంచ్ అనే మాట లిఖితంగా కనిపించిన తొలి సందర్భాల్లో అందరూ ముందుగా చూపేది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరం. రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి దాన్ని నిజాంపట్నంలో ఉన్న థామస్ కాలీకి రాశాడు. ఆ తరవాత కొద్దేళ్ళకే సూరత్‌కు వచ్చిన మాండెల్స్‌లో అనే జర్మన్ యాత్రికుడు, స్పిరిట్, పన్నీరు (గులాబీ నీరు), నిమ్మరసం, పంచదార కలిపిన ఒక పానీయాన్ని ఇంగ్లీషువారు తాగడం చూసి వర్ణించాడు. 1670లలో ఇక్కడ తిరిగిన జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు, ఐదు పదార్థాలు కలుస్తాయి కాబట్టి ఐదు అనే అర్థమిచ్చే ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని రాశాడు. పీపా అనే అర్థం గల ఇంగ్లీషు మాటనుంచి వచ్చిందని వాదించేవారూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, పులుపు, తీపి, ఘాటు, సుగంధం ఒకదానినొకటి అదుపులో పెట్టుకునే పద్ధతి ఈ తీరాల్లోనే ఓడలెక్కి లండన్ చేరిందన్నది మాత్రం గట్టి విషయం. రమ్ము, నిమ్మరసం, పంచదారతో చేసే డైకిరీని రుచి చూసినప్పుడు, అది ఒక్క గ్లాసుకు కుదించిన పంచ్ అని నాకు అనిపిస్తుంది.

ఇంట్లో పంచ్ చేయాలంటే కొలతలేమిటి?

కరీబియన్ దీవుల్లో పాడుకునే పాత లెక్క ఒకటి ఉంది: ఒక పాలు పులుపు, రెండు పాళ్ళు తీపి, మూడు పాళ్ళు ఘాటు, నాలుగు పాళ్ళు పలుచన. ఆ తీపి ఈనాటి నాలుకకు ఎక్కువ, అందుకని నేను తీపిని సగానికి తగ్గిస్తాను. పదిమందికి 150 మి.లీ. నిమ్మరసం, 150 గ్రాముల పంచదార, 450 మి.లీ. ముదురు రంగు రమ్ము, 600 మి.లీ. పాలు లేని టీ సరిపోతాయి.

అసలు పనితనమంతా తొక్కలో ఉంది. రెండు దబ్బకాయలు గాని మూడు నారింజలు గాని తీసుకొని, లోపలి తెల్లని చేదు పొర రాకుండా పైపొరను మాత్రం పలచగా చెక్కి, ఆ తొక్కలను పంచదారలో వేసి పప్పుగుత్తితో మెల్లగా నలిపి, మూత పెట్టి మూడు నాలుగు గంటలు వదిలెయ్యాలి. పంచదార తొక్కలోని నూనెను లాక్కొని తడిసి ముద్దవుతుంది. మూత తీసినప్పుడు వచ్చే ఆ వాసన ఏ సీసాలోనూ దొరకదు. టీ వేడిగా ఉండగానే దానిమీద పోసి పంచదార కరిగించి, వడకట్టి, చల్లారాక నిమ్మరసం, రమ్ము కలపాలి. చిన్న ఐసు ముక్కలు వేస్తే అరగంటలో నీళ్ళైపోతాయి కాబట్టి ముందురోజే ఒక గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి ఆ గడ్డను మొత్తంగా అందులో దింపాలి. పైన జాజికాయ అరగదీసి చల్లండి. ఇలా చేస్తే గ్లాసుకు 45 మి.లీ. రమ్ము మాత్రమే పడుతుంది.

పంచ్‌లో నాకు నచ్చే గుణం మరొకటి ఉంది. అంతా ముందే కలిపి పెట్టుకుంటాం కాబట్టి అతిథులు వచ్చాక ఇంటివారు వంటింటికీ హాలుకూ మధ్య తిరగవలసిన పని ఉండదు.

ఏ పానీయాన్ని చెంచాతో కలపాలి, దేన్ని షేకర్‌లో వేసి కుదపాలి?

నిమ్మరసం, గుడ్డు తెల్లసొన, మీగడ వంటివి ఉంటే కుదపాలి, ఎందుకంటే అవి స్పిరిట్‌తో బాగా కలిసిపోవాలి, కొంచెం గాలి చేరి నురగ కట్టాలి. మార్టినీ, మన్‌హాటన్, నెగ్రోనీ వంటి వాటిలో అన్నీ తేటగా ఉండే మద్యాలే కాబట్టి ఐసు నింపిన గ్లాసులో పొడవాటి చెంచాతో అరనిమిషం నెమ్మదిగా తిప్పితే చాలు. కుదపడానికి పది పన్నెండు సెకండ్లు పడుతుంది. పచ్చి తెల్లసొన వాడేటప్పుడు తాజా గుడ్డు ఎంచుకోవాలి, గర్భిణులకు, వృద్ధులకు అది ఇవ్వకూడదు.

ఐసుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు?

ఐసు రెండు పనులు ఒకేసారి చేస్తుంది: చల్లబరుస్తుంది, కొలతగా నీళ్ళు కలుపుతుంది. కరిగి చేరిన ఆ నీరు కూడా పానీయంలో ఒక పదార్థమే. అది లేకపోతే మార్టినీ గొంతు మండిస్తుంది. స్పిరిట్‌లో కుదిపిన ఐసు సున్నా డిగ్రీల కంటే కూడా కిందికి చల్లబరుస్తుంది. కుల్ఫీ చేసేవారు ఐసులో ఉప్పు వేసేది ఏ కారణం చేతనో, ఇక్కడ ఆల్కహాల్ చేసే పనికీ అదే కారణం. పొడిగా, గట్టిగా ఉన్న పెద్ద ముక్కలు మెల్లగా కరుగుతాయి. ఫ్రీజర్‌లోంచి తీసి బల్లమీద పెట్టి మరిచిపోయిన తడి ముక్కలు కలిపేలోపే పానీయాన్ని పలుచన చేసేస్తాయి.

అద్దంలాంటి ఐసు కావాలంటే, చిన్న థర్మోకోల్ పెట్టెలో నీళ్ళు పోసి, మూత లేకుండా ఒక రోజు ఫ్రీజర్‌లో పెట్టండి. చలి పైనుంచి మాత్రమే తగలడంతో గాలి బుడగలన్నీ అడుగుకు తోసుకుపోతాయి. అడుగు గడ్డకట్టకముందే తీసి, మసకబారిన భాగాన్ని కోసెయ్యాలి.

ఫ్రీజర్లు లేని కాలంలో మన దేశానికి ఐసు అమెరికా నుంచి వచ్చేదంటే చాలామంది నమ్మరు. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో గడ్డకట్టిన చెరువులనుంచి కోసిన 180 టన్నుల ఐసును రంపపు పొట్టులో చుట్టి టస్కనీ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తరవాత కూడా అందులో సగానికి పైగా మిగిలింది. ఆ వ్యాపారం కోసమే మద్రాసు సముద్రతీరాన కట్టిన ఐస్ హౌస్ నేడు వివేకానందుడి స్మారక భవనంగా నిలిచి ఉంది. ఐసు గడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ ఓడ నాకు గుర్తొస్తుంది.

మొదట ఏ సీసాలు కొనుక్కోవాలి?

ఒక జిన్, ఒక విస్కీ, ఒక రమ్ము, ఒక తీపి వెర్మూత్, ఒక అంగోస్టురా బిట్టర్స్. వీటితో ఎన్నో పానీయాలు చేసుకోవచ్చు. తరవాత కంపారీ అనే ఎర్రని చేదు ఇటాలియన్ మద్యం కొంటే నెగ్రోనీ చేతిలోకి వస్తుంది, పొడి వెర్మూత్ కొంటే మార్టినీ వస్తుంది. లేబుల్ లేనిది, విడిగా అమ్మేది ఎంత చవకైనా ముట్టుకోవద్దు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే చూపు, కొన్నిసార్లు ప్రాణం కూడా పోతుంది.

వెర్మూత్ విషయంలో ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. 1786లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఆంతోనియో బెనెదెత్తో కార్పానో దాన్ని అమ్మకానికి పెట్టిన నాటినుంచి నేటివరకూ అది మూలికలు వేసి, కొంచెం స్పిరిట్ చేర్చిన ద్రాక్షసారాయే. విస్కీ సీసా పక్కన అల్మరాలో ఏడాదిపాటు నిలబెడితే పాడైపోతుంది. మూత తీసిన రోజునుంచే ఫ్రిజ్‌లో పెట్టి, నెలన్నర రెండు నెలల్లో వాడెయ్యాలి. మార్టినీ నచ్చలేదన్నవారిలో చాలామందికి నచ్చనిది పాతబడిన వెర్మూతేనని నా అనుభవం. వీలైతే చిన్న సీసా కొనుక్కోండి.

పంచదార నీళ్ళకు పాకం పట్టాల్సిన పని లేదు, తీగపాకం సంగతి అలా ఉంచండి, లేతపాకం కూడా రాకూడదు. సమానంగా పంచదార, వేడినీళ్ళు కలిపి కరిగించి చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు నిలుస్తుంది.

విదేశీ పుస్తకాల్లో లెమన్ అంటారు, లైమ్ అంటారు. మన నిమ్మకాయ ఏది?

మన బజార్లలో దొరికే గుండ్రని, పలచని తొక్క గల నిమ్మకాయ లైమ్. గూడూరు, తెనాలి మార్కెట్లకు బుట్టలతో వచ్చేది ఇదే. లెమన్ అంటే పసుపుపచ్చగా, కోలగా, మందపాటి తొక్కతో ఉండేది. కాబట్టి డైకిరీ, జిన్‌తో చేసే గిమ్లెట్ వంటివి మన కాయతో యథాతథంగా కుదురుతాయి. లెమన్ కావలసిన విస్కీ సోర్ వంటి వాటిలో మాత్రం మన నిమ్మరసం కొంచెం తగ్గించి వేసుకోవాలి, ఎందుకంటే దాని పులుపులో చేదు అంచు ఎక్కువ. రసం పిండిన రోజే వాడాలి. పైన పిండడానికి లెమన్ తొక్క అడిగినచోట నేను దబ్బకాయ తొక్క వాడతాను, అది ఆ వాసనకు ఏమాత్రం తీసిపోదు.

జిన్ అండ్ టానిక్ మలేరియాకు మందుగా పుట్టిందా?

సగం నిజం. సింకోనా బెరడునుంచి తీసే క్వినైన్ మలేరియాకు చాలాకాలం ముఖ్యమైన మందు. దాని చేదును మింగడానికి సోడా, పంచదార చేర్చడం వాడుకలోకి వచ్చి, 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ గ్యాసు నింపిన టానిక్ నీటికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఇప్పటి టానిక్‌లో క్వినైన్ రుచికి సరిపడేంతే ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం లీటరుకు సుమారు 83 మిల్లీగ్రాములు మించకూడదు. అంత తక్కువతో ఏ జ్వరమూ తగ్గదు. ఆ జ్వరం దోమవల్ల వ్యాపిస్తుందన్న రహస్యానికి తాళంచెవి దొరికింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఇక్కడ పనిచేస్తూ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇంకా ఉంది. తీరిక దొరికినప్పుడు వెళ్ళి చూడదగిన చోటు.

ఈ పానీయాల పుట్టుక కథలను ఎంతవరకు నమ్మవచ్చు?

జాగ్రత్తగా నమ్మాలి. నెగ్రోనీని 1919 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో కామిల్లో నెగ్రోనీ అనే ప్రభువు, తన పానీయంలో సోడాకు బదులు జిన్ పొయ్యమని అడిగి చేయించుకున్నాడని అంటారు. డైకిరీని క్యూబాలో శాంటియాగో దగ్గరి గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు జెన్నింగ్స్ కాక్స్ పేరుతో చెబుతారు, కాని రమ్ము, నిమ్మ, పంచదార కలపడం ఆ దీవుల్లో అతనికన్నా చాలా ముందునుంచే ఉంది. సింగపూర్ స్లింగ్‌ను రాఫిల్స్ హోటల్‌లో 1915లో చేశాడని చెప్పే న్యామ్ టాంగ్ బూన్ పేరు నేను ప్రత్యేకంగా తలుచుకుంటాను. బార్ వెనక నిలబడ్డ ఆసియావాడి పేరు ఆ కాలపు కథల్లో మిగలడమే అరుదు.

పాతకాలపు బార్లు, క్లబ్బులు అంటే తెల్లదొరల వైభవమే కదా. దాన్ని మళ్ళీ తలకెత్తుకోవడం ఎందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనది. మద్రాసు క్లబ్బు వంటి చోట్ల పళ్ళేలు పట్టుకున్నది మనవాళ్ళే అయినా, సభ్యులుగా కూర్చునే అవకాశం స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్ళు మనవాళ్ళకు దొరకలేదు. అమెరికాలో ఈ కళను నిలబెట్టినవారిలో నల్లజాతి బార్‌టెండర్లు ఎందరో ఉన్నారు. సెయింట్ లూయిస్‌లో పనిచేసిన టామ్ బులక్ 1917లో తన కొలతలను పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ చేతుల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది, వారిని బయట నిలబెట్టిన గేట్ల మీద లేదు. మా ఇంటి సాయంత్రానికి ఎవరు ఏ బట్టలతో వచ్చినా కూర్చునే కుర్చీ ఒకటే. కోటు వేసుకోవాలని ఎవరైనా అడిగితే, మంగళగిరి పంచె, ఇస్త్రీ చేసిన లాల్చీ, లేదా అమ్మమ్మ పెట్టెలోంచి తీసిన వెంకటగిరి చీర అంతకన్నా పాత సొగసు అని చెబుతాను. జరీ చీరలను మాత్రం రెండు మూడు నెలలకొకసారి విప్పి మడతలు మార్చి పెట్టండి, లేకపోతే మడత దగ్గరే చిరుగుతాయి.

సారా వ్యతిరేక ఉద్యమం నడిచిన నేలమీద మద్యం గురించి ఇంత ఇష్టంగా రాయవచ్చా?

నేను ఈ ప్రశ్నను పక్కకు తోసెయ్యలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు గాని, ఆ తల్లులు చెప్పిన బాధ అబద్ధం కాలేదు. కూలి డబ్బంతా తాగుడుకు పోయిన ఇళ్ళు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. మీ ఇంట్లో, మీ స్నేహితుల్లో ఎవరైనా మానడానికి కష్టపడుతుంటే, వారు వచ్చే సాయంత్రం సీసాలు బల్లమీదకి రానివ్వకండి. వారికోసం పంచ్ మానేసిన రోజులు మాకూ ఉన్నాయి, ఆ రోజుల్లో పేకాట ఏమాత్రం రుచి తగ్గలేదు.

ఒక గ్లాసు కాక్‌టెయిల్ అంటే ఎంత మద్యం తాగినట్టు?

మన దేశంలో అమ్మే స్పిరిట్లలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ. చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మి.లీ. విస్కీతో చేసిన ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో 20 గ్రాములు ఉంటాయి. జిన్, కంపారీ, తీపి వెర్మూత్ ఒక్కొక్కటి 30 మి.లీ. చొప్పున పోసిన నెగ్రోనీలోనూ లెక్క ఇంచుమించు 20 గ్రాములకే తేలుతుంది. గ్లాసు చిన్నది, రుచి తియ్యనిది కాబట్టి తక్కువ తాగామనుకోవడం పొరపాటు. మామూలు మనిషి శరీరం గంటకు ఏడెనిమిది గ్రాములు, కొందరిలో పది గ్రాముల వరకు వదిలించుకోగలదు. అంటే ఒక గ్లాసుకు రెండు గంటల పైమాటే. మా సాయంత్రాల్లో ఒక్కొక్కరికి ఒక గ్లాసే అన్న నియమం ఈ లెక్కనుంచే వచ్చింది. ఒకటే అని తెలిసినప్పుడు మనిషి దాన్ని కలిపే తీరులో, పట్టుకునే గ్లాసులో, గుక్కకూ గుక్కకూ మధ్య మాట్లాడే మాటల్లో శ్రద్ధ చూపిస్తాడు. కాక్‌టెయిల్‌కూ తీరికకూ ఉన్న సంబంధం నాకు ఇక్కడే కనిపించింది.

ఆ తరవాత బండి నడపకూడదు. మన చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు 80 కాబట్టి, అక్కడినుంచి సెలవులకు వచ్చిన బంధువులు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఏ కొంచెం మద్యమైనా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

తాగనివారికి ఏమి ఇవ్వాలి?

కూల్‌డ్రింక్ సీసా చేతిలో పెట్టి వదిలెయ్యడం మర్యాద కాదు. అదే గ్లాసు, అదే ఐసు, అదే శ్రద్ధ వారికీ అందాలి. రాయలసీమ నన్నారి షర్బత్‌లో నిమ్మరసం, సోడా, కొంచెం ఉప్పు కలిపి పొడవాటి గ్లాసులో ఇస్తే ఏ పానీయానికీ తీసిపోదు. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, ఏలకులు ఉన్నాయి, కొంచెం నిమ్మరసం పిండితే పంచ్‌కు కావలసిన తీపి, ఘాటు, పులుపు అన్నీ అందులోనే చేరతాయి. పైన చెప్పిన తొక్కల పంచదారను టీ, నిమ్మరసంతో మాత్రమే కలిపి ఒక పాత్ర వేరుగా పెడితే, రెండో గ్లాసు కావాలనుకున్నవారందరూ దాని దగ్గరికే వస్తారు.

పాత గాజు సామాను, వెండి పూత షేకర్లు కొనవచ్చా?

కొనవచ్చు, కాని రెండు జాగ్రత్తలు ఉన్నాయి. బరువుగా, వేలితో మీటితే గంటలా మోగే పాత కట్‌గ్లాసులో సీసం ఉంటుంది. అందులో పోసుకొని ఆ పూట తాగడం వేరు, అలాంటి గాజు డికాంటర్‌లో (మద్యం పోసి ఉంచే మూత సీసాలో) విస్కీ నెలల తరబడి నిలవ ఉంచడం వేరు. నిలవ ఉంచితే సీసం మద్యంలోకి దిగుతుంది. రెండోది, పూత అరిగి లోపలి ఇత్తడి కనిపిస్తున్న షేకర్‌లో నిమ్మరసం కుదపకూడదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచవద్దని మన అమ్మమ్మలు ఎందుకన్నారో దీనికీ కారణం అదే. అలాంటి షేకర్‌ను అలంకారంగా పెట్టుకొని, స్టీలుది వాడుకోండి.

పానీయం సరే, ఆ రెండు గంటలు ఏం చెయ్యాలి?

నలుగురుంటే బ్రిడ్జి అనే పేకాట ఆడండి. ఇప్పుడు ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జి లెక్కలను హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో పనామా కాలువ మీదుగా ఓడలో వెళుతూ కుదిర్చాడు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు తెలిసినవారికి నేర్చుకోవడానికి నాలుగు సాయంత్రాలు చాలు, బాగా ఆడడానికి జీవితం కావాలి. పందెం మాత్రం పెట్టకండి, డబ్బు వచ్చిన చోట తీరిక నిలవదు. స్నూకర్ బల్ల అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. ఆ ఆట 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మధ్య పుట్టింది. దానికి పేరు పెట్టిన నెవిల్ చాంబర్లిన్, తరవాత బ్రిటన్ ప్రధాని అయిన అదే పేరు గలవాడు కాదు. నియమాలను 1880లలో ఊటీ క్లబ్బులో రాసి గోడకు తగిలించారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గ్రామఫోను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు ఒక వైపున మూడు నిమిషాలకు పైచిలుకు మాత్రమే పాడుతుంది. పాట అయిపోగానే ఎవరో ఒకరు లేవాలి, ప్లేటు తిప్పాలి, సూది మార్చాలి. పద్యనాటకాల ప్లేట్లు మన ఊళ్ళలో ఇంటింటా మోగిన కాలం ఒకటి ఉంది, ఇప్పటికీ పాత ఇళ్ళ అటకల మీద అవి దొరుకుతున్నాయి.

అటకమీద దొరికిన ఆ పాత ప్లేట్లను ఎలా శుభ్రం చేసుకోవాలి?

ఆ ప్లేట్లలో ముఖ్యమైన పదార్థం లక్క. మన దేశపు అడవుల్లో పురుగులు కట్టిన లక్కే ప్రపంచమంతటా రికార్డులైంది. ఉక్కు సూదిని ప్రతి వైపుకూ ఒకసారి మార్చాలి, ఎందుకంటే లక్కలో కలిపిన రాతిపొడి సూదిని అరగదీస్తుంది, అరిగిన సూది గాడిని కోస్తుంది. ఎల్పీ రికార్డుల సన్నని సూదితో వీటిని ఎప్పుడూ వాయించకండి. దుమ్ము పోవడానికి మెత్తని బ్రష్‌తో గాడి వెంబడి తుడిచి, మరీ మురికిగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, మధ్యలోని కాగితం తడవకుండా కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. స్పిరిట్‌తో మాత్రం తుడవకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఒక గ్లాసు ఒలికితే చాలు, పాట ఉన్న చోట మచ్చ మిగులుతుంది. అందుకే మా ఇంట్లో గ్లాసులు పెట్టే బల్ల కిటికీ దగ్గర ఉంటుంది, గ్రామఫోను గదికి అటు చివర ఉంటుంది, ప్లేటు తిప్పడానికి లేచినవారు ముందు తమ గ్లాసును కిటికీ దగ్గర పెట్టి వెళతారు.